డ్రిల్ బిట్లు సానపట్టే జిగ్ గారికి

మహారాజశ్రీ డ్రిల్ గ్రైండింగ్ అటాచ్‌మెంట్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ గ్రైండర్ క్షేమం, కళ్లద్దాలు క్షేమం. 8 ఎంఎం బిట్టు మాత్రం ఆదివారం మధ్యాహ్నం, తమరి చేతుల మీదుగా పదునెక్కిన మరునిమిషంలోనే, 6 ఎంఎం ఇనప పట్టీ మీద కీచుమని అరిచి, పట్టీకి గుంటయినా పెట్టకుండా మెరుగు మాత్రం పెట్టి, తాను నీలంగా మారి కన్నుమూసింది. గేటు బందు ఇంకా బిగించనే లేదు. గేటు ఇటుకల ఆసరాతో నిలబడి ఉంది.

బిట్టుని గ్రైండర్ రాయికి ఒకే ఓరలో పట్టి ఉంచడానికి పుట్టిన తమరి నిర్మాణం మీద నాకు గౌరవమే. పోత పోసిన ఒళ్లు, ఏటవాలు ఇరుసు మీద ఊగే చెయ్యి, బిట్టు పడుకోవడానికి వి ఆకారపు గాడి, పక్కన వరసగా 41, 49, 59, 68, 88 అని అచ్చు పోసిన డిగ్రీలు. ఇంటి వర్క్‌షాపులో 59 దగ్గర బిగించాక మిగతా వాటితో మళ్లీ పని పడదు, పోనివ్వండి. 59కి 59 కలిపితే 118, అదే మొన రెండు వైపుల మధ్య కోణం. తమరు ఇచ్చేది నిఖార్సైన 118. ఆరు పలకల నట్లు రెండు తీసుకుని పలకకి పలక ఆనించి పెడితే వాటి మధ్య లోయ 120 డిగ్రీలు వస్తుంది. తమరు సానపట్టిన మొనని అందులో పెట్టి వెలుతురుకి ఎత్తి చూస్తే సందు దాదాపు కనబడదు. భేష్.

మరి హీల్ సంగతేమిటండీ?

బిట్టు కోసేది మొనతో కాదని తమరికి తెలియదనుకోను. మొన మధ్యలో ఉండే చిజెల్ ఎడ్జ్ లోహాన్ని కొయ్యదు, పక్కకి నెడుతుంది. కోసేది లిప్పులు, అంటే మొనకి అటొకటి ఇటొకటి ఉండే పదును అంచులు. లిప్పు వెనకాల ఉన్న తలం లిప్పు కన్నా కిందికి జారాలి. మామూలు ఇనుముకి 8 నుంచి 12 డిగ్రీలు, సన్న బిట్లకి ఇంకాస్త ఎక్కువ. ఆ జారుడే రిలీఫ్. అది లేకపోతే తలం వెనక చివర, అంటే హీల్, ముందుగా వెళ్లి పట్టీని ఆనుకుంటుంది. లిప్పు గాల్లో ఉండిపోతుంది. డ్రిల్ మీద ఒంటి బరువంతా వేసి నొక్కినా నొక్కుడంతా హీల్‌కే పోతుంది. రాపిడి పుడుతుంది, వేడి పుడుతుంది, కీచు పుడుతుంది, బెజ్జం ఒక్కటే పుట్టదు. అదే స్టెయిన్‌లెస్ రేకయితే రుద్దిన చోట ఇంకా గట్టిపడి, తర్వాత కొత్త బిట్టు తెచ్చినా లోపలికి రానివ్వదు.

118 బదులు 110 వచ్చినా, 125 వచ్చినా పట్టీ తెగుతుంది, రెండు లిప్పులూ సమానంగా ఉండి హీల్ దిగి ఉంటే చాలు. హీల్ లేచి ఉన్న 118 మాత్రం వెన్నపూసకి తప్ప దేనికీ పనికిరాదు. అయినా తమరి పెట్టె మీద, తమరిని అమ్మేవాళ్ల నోట, వీడియోల్లో, ఎక్కడ విన్నా 118 జపమే. రిలీఫ్ పేరెత్తిన పాపాన పోయినవాడు లేడు. అమెరికాలో స్టీఫెన్ మోర్స్ మెలి తిరిగిన బిట్టుకి పేటెంట్ తీసుకున్నది 1863లో. ఇంతకాలానికి కూడా కబురు అందలేదంటే తమరు ఏ దారిన వచ్చినట్టు?

బిట్టు మొన ఇరుసుని దాటి ఎంత ముందుకి పొడుచుకొచ్చిందో దాన్ని బట్టి రిలీఫ్ మారిపోతుంది. లిప్పుకి ఆనించే ఆ చిన్న రేకు నాలుక దగ్గర బిట్టు రవ్వంత మెలి తిరిగినా మారిపోతుంది. 6 ఎంఎం బిట్టుకి కుదిరిన దూరం 10 ఎంఎం బిట్టుకి కుదరదు. ప్రాణమంతా ఆ దూరంలోనే ఉంటే, దానికోసం నీ ఒంటి మీద ఒక్క గీత ఉందా? ఒక్క అంకె ఉందా? ఎవరికీ అక్కర్లేని 88 డిగ్రీలకి అచ్చు పోసుకున్నావే, దీనికి చోటు చాల్లేదా? కూడా వచ్చిన కాగితంలో ఉన్నది నీ ఫొటో. అదీ మసగ్గా.

ఆ నాలుక మాట ఎత్తాను కాబట్టి అదీ చెబుతాను. పల్చటి రేకు, వేలితో తోస్తే వంగుతుంది. ఒక వైపు సానపట్టి, బిట్టుని సగం చుట్టు తిప్పి రెండో వైపు పెట్టేలోగా అది జరిగి ఉంటుంది. ఒక లిప్పు పొడుగు, ఒకటి పొట్టి. మొన నడిమధ్యలో ఉండదు. ఆ 8 బిట్టు 8.5 బెజ్జం పెడుతుంది. బోల్టు అందులో గిలకలా ఊగుతుంది. రజను కూడా ఒక్క గాడిలోంచే వస్తుంది. బాగా పడ్డ బిట్టు అయితే రెండు గాడుల్లోంచీ ఒకే మందం చుట్టలు లేవాలి.

పైగా నువ్వు కూర్చునేది రాయి అంచు దగ్గర కాదు, పక్క దగ్గర. మామూలు చదును రాయి పక్కని వాడొద్దని గ్రైండర్ మీదే హెచ్చరిక రాసి ఉంటుంది, పక్క ఒత్తిడికి ఆ రాయి నిలవదని. నిన్ను చేసినవాడు ఆ హెచ్చరిక చదవలేదు.

నీ స్నేహితులకి కూడా చెప్పు. బంగారు రంగు పూత బిట్ల సెట్టుకి: రాయికి ఆనించగానే తెల్లగా, పువ్వుల్లా చీలి విరిసే రవ్వలు వస్తే అది కార్బన్ స్టీలు. నీలం తేలిందంటే ఆ మొన మెత్తబడినట్టే, ఆ మేర కొట్టెయ్యాలి. హైస్పీడ్ స్టీలు రవ్వలు మసకగా, ఎర్రగా, చీలకుండా వస్తాయి, అది దాదాపు 600 డిగ్రీల దాకా గట్టితనం వదలదు. అలాగని ఎర్రగా కాలాక నీళ్లలో ముంచితే లిప్పు మీద వెంట్రుక పగుళ్లు లేస్తాయి. చేతి డ్రిల్లుకి: 8 ఎంఎం బిట్టు ఇనుములో తిరగాల్సింది నిమిషానికి వెయ్యి చుట్ల దరిదాపుల్లో. నువ్వు ట్రిగ్గర్ నొక్కగానే 2800. సిమెంటు గోడ బిట్టుకి: నీ మొనలో ఉన్నది కార్బైడు, బూడిద రంగు రాయి నిన్నేమీ చెయ్యలేదు, ఆకుపచ్చ రాయి కావాలి.

బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో లేత్ దగ్గర నిలబడ్డ టర్నర్‌కి నీ పేరు చెబితే నవ్వుతాడు. బిట్టుని ఆనించే రెస్టుకీ రాయికీ సందు 3 ఎంఎం దాటనివ్వడు. రాయి ముఖం గాడి పడి ఉంటే ముందు డ్రెస్సర్‌తో చదును చేస్తాడు. లిప్పుని అడ్డంగా, నేలకి సమాంతరంగా పట్టుకుని, రాయి ముఖానికి 59 డిగ్రీల ఓరలో మెల్లగా తాకించి, షాంకు వైపుని, అంటే బిట్టు తోకని, కిందికి దించుతాడు. అంతే. షాంకు ఎప్పుడూ లిప్పు కన్నా పైకి లేవదు. లేచిందా, హీల్ మిగిలిపోతుంది. అటు ఎన్ని తోపులో ఇటు అన్నే. చదువుకున్నవాడైతే రెండు చదునులు పెడతాడు: లిప్పు వెనకాల సన్నటి పట్టీ పది డిగ్రీలకి, దాని వెనక మిగిలిందంతా 25, 30 డిగ్రీలకి ఎగరగొట్టి. హీల్ అన్న మాటే మిగలదు.

పట్టీ పాడు కాకముందే నీ పనితనం బయటపెట్టడం కూడా తేలికే. మొన వెనక తలానికి మార్కర్ పూసి, బిట్టుని తుక్కు ముక్క మీద నిలబెట్టి చేత్తో నొక్కి తిప్పితే చాలు. రంగు లిప్పు దగ్గర చెరిగిందా సరే, హీల్ దగ్గర చెరిగిందా దొరికిపోయావు. మొనని ఎదురుగా చూసినా తెలుస్తుంది: చిజెల్ ఎడ్జ్ లిప్పుతో 120 నుంచి 135 డిగ్రీల ఓరలో ఉండాలి. నీ చేతి మీదుగా వెళ్లినవి అడ్డగీతలా నిలబడి ఉంటాయి.

కాబట్టి ఇకమీదట మన ఒప్పందం ఇది. 6 ఎంఎం లోపు బిట్ల జోలికి నువ్వు రావద్దు. సగానికి విరిగిన 12, 13 ఎంఎం బిట్టు వచ్చినప్పుడు, చేత్తో రెండు వైపులా సమానంగా మొన తీయడం నిజంగానే కష్టం. అక్కడ నీకు సాటి లేదు, అది ఒప్పుకుంటాను. మొన తీయడం వరకు నీది. రిలీఫ్ నేను చేత్తో పెట్టుకుంటాను. దాని వైపు చూడనుకూడా చూడొద్దు.

ఇట్లు,
గేటు యజమాని

తా.క.: నీతో పెట్టెలో వచ్చిన అలెన్ కీ నీ ఒంటి మీద ఏ స్క్రూకీ పట్టడం లేదు. అది ఎవరిదో కనుక్కుని, నీది వాళ్ల దగ్గరుంటే అడిగి పంపించు.