యోషివారా చుట్టూ ఉన్న కందకం మాటేమిటి?

ఎడో కాలంలో (1603–1868) నేటి టోక్యోలో ప్రభుత్వ అనుమతితో నడిచిన వేశ్యావాడ యోషివారా. దాని దీపాలు, పట్టు కిమోనోలు, ఉకియో-ఎ (చెక్క అచ్చు) బొమ్మల గురించి మీ వ్యాసంలో కళ్లకు కట్టినట్టు రాశారు, బాగుంది. కానీ ఆ వాడ చుట్టూ ఉన్న కందకం సంగతి వదిలేశారే! 1657 అగ్నిప్రమాదం తర్వాత అసాకుసా ప్రాంతం వెనక్కి తరలించిన ఆ వాడకి రాకపోకలకు ఒకటే పెద్ద గేటు. సమురాయ్ అయినా లోపల కత్తి పక్కన పెట్టాల్సిందే, డబ్బున్న వర్తకుడిదే హవా. సరదా అంతా మగవాళ్లది. అమ్మాయిల్లో చాలామంది చిన్నప్పుడే అప్పు కింద అమ్ముడైపోయి వచ్చినవాళ్లు. ఒంటిమీది ఆ పట్టుబట్టల ఖర్చు కూడా వాళ్ల ఖాతాలోనే రాసేవారు, ఇక అప్పు తీరేదెప్పుడు? దిక్కులేకుండా చనిపోతే మినోవాలోని జోకాన్‌జి బౌద్ధాలయానికి చేర్చేవారు. 1855 భూకంపంలో పోయినవాళ్లనీ అక్కడికే తెచ్చారు. ఆ గుడి ఇప్పటికీ ఉంది. టోక్యో వెళ్లేవాళ్లు అసాకుసాలో ఫొటోలు దిగాక అటు కూడా ఒకసారి వెళ్లి రండి.