ప్రపంచమంటే తెలియని గాయకుడు

ప్రపంచ పర్యటన అంటే ఏమిటో మనకు ఎవరూ కొత్తగా చెప్పనవసరం లేదు. డాలస్, న్యూజెర్సీ, శాన్‌హోసే, వీలు కుదిరితే అట్లాంటా. మన సంగీత దర్శకులు ప్రపంచాన్ని చుట్టి వచ్చారని పేపర్లో పడిందంటే ఈ నాలుగు ఊళ్లలో నాలుగు శనివారాలు పాడి వచ్చారని అర్థం. మధ్యలో చికాగో కూడా తగిలితే అది విశ్వవిజయం. భూగోళం మీద ఇంతకు మించి వెళ్లవలసిన ఊళ్లు ఉన్నాయని మనలో ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చినా పైకి అనలేదు.

ఇంత చక్కగా స్థిరపడిన నిర్వచనాన్ని బ్యాడ్ బన్నీ అనే రెగెటాన్ (స్పానిష్‌లో ర్యాప్, నాట్యం కలిసిన పాటల బాణీ) గాయకుడు పాడుచేశారు.

2025 జనవరి 5న ఆయన కొత్త ఆల్బమ్ వచ్చింది. పేరు 'దెబీ తిరార్ మాస్ ఫోతోస్'. 'ఇంకొన్ని ఫోటోలు తీసి ఉండవలసింది' అని స్పానిష్‌లో బాధపడటమన్నమాట. ఆ ఆల్బమ్ కోసం ప్రపంచ పర్యటన ప్రకటించారు. డొమినికన్ రిపబ్లిక్‌లోని శాంటో డొమింగోలో 2025 నవంబరు 21న మొదలు, బ్రస్సెల్స్‌లో 2026 జూలై 22న ముగింపు. మెక్సికో సిటీలో 8 రాత్రులు, మాడ్రిడ్‌లో 10 రాత్రులు. లిమా ఉంది, సిడ్నీ ఉంది, వార్సా కూడా ఉంది. నేను ఆ జాబితాను పైనుంచి కిందికి రెండుసార్లు, కిందినుంచి పైకి ఒకసారి చదివాను. ఒకచోట శాన్‌హోసే కనిపించి ప్రాణం లేచి వచ్చింది. తీరా చూస్తే అది కోస్టారికా రాజధాని.

అమెరికా లేదు. ఇండియా కూడా లేదు గానీ, దానికి మనం ఎప్పుడో అలవాటుపడ్డాం. మన బాధల్లా అమెరికా లేకపోవడమే.

పోనీ, వీసా దొరకని మనిషా అంటే అదీ కాదు. ఈయన కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికోవారు. ఆ దీవి 1898లో స్పెయిన్ చేతినుంచి అమెరికా చేతికి వచ్చింది. 1917లో అక్కడివారికి అమెరికా పౌరసత్వం ఇచ్చారు. దీవిలో ఉన్నంతకాలం అధ్యక్షుడిని ఎన్నుకునే ఓటు ఉండదు గానీ పాస్‌పోర్టు ఉంటుంది. అంటే మన పిల్లలు గ్రీన్‌కార్డు వరుసలో జుట్టు నెరిసేదాకా నిలబడి, ఆ తర్వాత ఇంకో ఐదేళ్లు ఆగి సంపాదించే నీలం పుస్తకం ఈయనకు పుట్టుకతోనే దక్కింది. దాన్ని జేబులో పెట్టుకుని అమెరికాలో పాడను పొమ్మంటున్నారు. అడగకుండా వచ్చిన వరానికి విలువ ఉండదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

కారణం కూడా చెప్పారు. కచేరి హాలు బయట వలస విభాగం అధికారులు కాపు కాసి తన అభిమానులను పట్టుకుపోతారేమోనని భయమట. ఒక పత్రికతో అన్నారు. ఈ మాట చదివి నాకు నవ్వొచ్చింది. పాట వినడానికి వచ్చినవాళ్లను ఎవరైనా పట్టుకుపోతారా? చదువుకోవడానికి వచ్చినవాళ్లనంటే నమ్మవచ్చు. మిచిగన్‌లో ఆ అధికారులే ఫార్మింగ్టన్ అని ఒక ఉత్తుత్తి విశ్వవిద్యాలయం పెట్టి, ఫీజులు వసూలు చేసి, 2019 జనవరిలో అందులో చేరినవాళ్లను చేతులు వెనక్కి విరిచి తీసుకుపోయారు. అందులో మన తెలుగు పిల్లలే ఎక్కువ. విశ్వవిద్యాలయం వేరు, కచేరి వేరు. తేడా లేదూ?

ఇక ఆ ఆల్బమ్ అట్ట. కోట్లాది మంది వినే గాయకుడు అట్ట మీద ఏం వేసుకోవాలి? కనీసం ఒక కారు, పొగ, నల్ల కళ్లద్దాలు. ఈయన వేసింది రెండు తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు, వెనక అరటిచెట్లు. మనిషి లేడు. మన ఊళ్లో పెళ్లి అయిన మర్నాడు పెరట్లోకి వెళ్తే సరిగ్గా ఇదే కనబడుతుంది: సప్లై కంపెనీ వ్యాను వచ్చేలోపు లెక్కకు దొరకని రెండు కుర్చీలు, ఒకదాని కాలు నేలలో దిగబడి కొంచెం ఒరిగి, పక్కన ఎవరో తాగి వదిలేసిన గ్లాసు. గ్లాసు ఆ అట్ట మీద లేదు, నేను కలిపాను. ఆ కుర్చీలను చూసి ఎక్కడెక్కడో ఉన్న ప్యూర్టోరికో వాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారట. కుర్చీకి ఏడవడమేమిటో. మా ఇంట్లో అలాంటివి ఆరున్నాయి, ఎవరూ ఏడవలేదు. అయితే మా అమ్మ పోయాక ఆవిడ కుర్చీని మాత్రం వరండాలోంచి ఎవరూ తీయలేదు, అది వేరే విషయం.

పర్యటనకు ముందు ఈయన చేసిన పని మరీ దారుణం. ముందు ఎక్కడికీ వెళ్లలేదు. దీవి రాజధాని సాన్ హువాన్‌లో స్థానికులు 'ఎల్ చోలి' అని పిలుచుకునే ఇండోర్ స్టేడియంలో, 2025 జూలై 11నుంచి వారం వారం 30 కచేరీలు పెట్టారు. ఆ వరుసకు పెట్టిన పేరు 'నో మే కియేరో ఈర్ దే అకీ'. 'నాకు ఇక్కడినుంచి వెళ్లాలని లేదు' అని. జూలైనుంచి సెప్టెంబరు అక్కడ తుపాన్ల కాలం, హోటళ్లు ఈగలు తోలుకునే రోజులు. పైగా ఆల్బమ్ రావడానికి ఐదు రోజుల ముందు, 2024 డిసెంబరు 31న, ఆ దీవి దాదాపు మొత్తం కరెంటు పోయి చీకట్లో కూర్చుంది. ఇలాంటి చోట పుట్టినవాడు పాడటం నేర్చుకునేదే అక్కడినుంచి బయటపడటానికి. కాస్త పేరు వచ్చిన వెంటనే ఊరు విడిచిపెట్టి, పాతికేళ్ల తర్వాత వచ్చి బడికి సున్నం వేయించి, శిలాఫలకం మీద పేరు చెక్కించుకోవడం పద్ధతి. ఈయన ఊళ్లోనే కూర్చుని ప్రపంచాన్ని రమ్మన్నారు. ప్రపంచం కూడా సిగ్గు లేకుండా విమానాలెక్కి వెళ్లింది.

అన్నిటికంటే నన్ను కలచివేసింది టిక్కెట్ల సంగతి. మొదటి 9 కచేరీలు దీవిలో నివాసం ఉండేవారికే! స్వయంగా వచ్చి వరుసలో నిలబడి కొనుక్కోవాలి. మన దగ్గర ఎంత పెద్ద వేడుకైనా స్థానికుల స్థానం ఎక్కడో మనకు తెలుసు: బారికేడ్లకు అవతల, ట్రాఫిక్ మళ్లించిన రోడ్డు మీద, స్కూటర్ ఆపుకుని. సిఫార్సు లేఖ ఉన్నవాడు ముందు, లేఖ రాసినవాడి బావమరిది ఇంకా ముందు, ఊరివాడు చివర. ఈ క్రమాన్ని తలకిందులు చేసి కిరాణా కొట్టులో పనిచేసే కుర్రాడిని మొదటి రాత్రి లోపలికి పంపితే ఇక ఎమ్మెల్యేగారి ముఖం ఏం కావాలి? (ఈ గాయకుడు కూడా ఒకప్పుడు సూపర్‌మార్కెట్‌లో సరుకులు సంచుల్లో సర్దేవారట. ఆ పక్షపాతం ఎక్కడికి పోతుంది.)

ఒక్క విషయంలో మాత్రం ఆయన మన దారికి వచ్చారని ఒప్పుకోవాలి. ప్రేక్షకుల మధ్యలో 'లా కసీత' అని పల్లెటూరి ఇల్లు ఒకటి కట్టించి, దాని అరుగు మీద ప్రముఖులను నిలబెట్టారు. బాస్కెట్‌బాల్ లెబ్రాన్ జేమ్స్ వచ్చారు, సాకర్ ఎంబాపే వచ్చారు. ఎక్కడైనా అరుగు పెద్దమనుషులదే అని రుజువైనందుకు సంతోషించాను. ఆ నమూనాకు మూలమైన అసలు ఇంటి యజమాని, తన గడప ముందు ఫోటోలకు వచ్చేవాళ్లతో మనశ్శాంతి పోయిందంటూ కోర్టుకెక్కారు. ఆయన బాధ ఎవరి పాటలోనూ రాలేదు.

భాష గురించి చెప్పకుండా ఎలా? ఆల్బమ్ మొత్తం స్పానిష్. ఒక్క పల్లవి ఇంగ్లీషులో పెడితే ఏం పోయింది? మనం పల్లవి మొత్తం ఇంగ్లీషులో పెట్టి, చరణంలో రెండు తెలుగు ముక్కలు చల్లి, దాన్నే పక్కా మాస్ పాట అంటున్నాం. ఎవరికైనా అభ్యంతరముందా? రెగెటాన్ చరిత్ర తెలిసినవారైనా ఈయనకు చెప్పి ఉండవలసింది. 1995లో సాన్ హువాన్ పోలీసులు దుకాణాల మీద పడి ఈ పాటల క్యాసెట్లు ఎత్తుకుపోయారు. 2002లో ఈ పాటలకు వేసే నాట్యం అసభ్యంగా ఉందని ప్యూర్టోరికో సెనేట్‌లో విచారణ పెట్టారు. అంత గౌరవనీయమైన సంప్రదాయానికి వారసుడై, 2026 ఫిబ్రవరి 1న గ్రామీ సంగీత అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ పురస్కారం తీసుకున్నారు. పూర్తిగా స్పానిష్‌లో ఉన్న ఆల్బమ్‌కు అది రావడం అదే మొదలు. ఎత్తుకుపోయిన క్యాసెట్లు తిరిగి ఇచ్చారో లేదో ఎవరూ అడగలేదు.

పర్యటన మొదలయ్యాక అమెరికాలో ఒక్కచోట మాత్రం పాడారు, అదీ పర్యటనలో భాగంగా కాదు. ఫిబ్రవరి 8న కాలిఫోర్నియాలో సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ విరామంలో. నాలుగు నెలల ముందే ఒక టీవీ కార్యక్రమంలో, నా మాట అర్థం కానివాళ్లకు నేర్చుకోవడానికి నాలుగు నెలల గడువుందని చెప్పారు. మన వీసా ఇంటర్వ్యూలకు ఇంగ్లీషు బట్టీపట్టడానికి కూడా దాదాపు అంతే గడువు ఇస్తారు, కానీ మనం ఎవరి మీదా ఇలా అరవలేదు. అధ్యక్షుడు ట్రంప్ ముందు ఆయన పేరే వినలేదన్నారు, చూశాక ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదన్నారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మన పెద్దలు బెదిరించారు కదా. ఈయన పావుగంటలోపు మైదానం మధ్య ఆ కసీత ఇల్లు నిలబెట్టి, ఒక జంటకు నిజం పెళ్లి జరిపించి, ప్లాస్టిక్ కుర్చీలు కూడా వేయించారు. భోజనాలు పెట్టలేదు, అదొక్కటే లోటు.

చివర్లో ఇంగ్లీషులో నాలుగు మాటలు అన్నారు. దేవుడు అమెరికాను చల్లగా చూడాలని. హమ్మయ్య, దారిలో పడ్డారు అనుకున్నాను. వెంటనే అమెరికా అంటే ఏమేమిటో చదవడం మొదలుపెట్టారు. చిలీ, అర్జెంటీనా, పెరూ, కొలంబియా, కోస్టారికా, మెక్సికో... శ్రాద్ధంలో గోత్రనామాలు చదివినట్టు ఒక్కొక్కటే. నేను పర్యటన జాబితా తీసి పక్కన పెట్టుకుని చూశాను. ఈ లెక్కన ఆయన రెండు నెలలకు పైగా అమెరికాలోనే పాడుతున్నారు. మనం వెతికింది డాలస్ కోసం.

న్యూజెర్సీలో ఉన్న మా మేనల్లుడికి ఈయనంటే ప్రాణం. స్పానిష్ రాకపోయినా పాటలన్నీ నోటికి వచ్చు, అర్థాలు అడిగితే కోపం. ఆ రాత్రే ఫోను చేశాను.

"మాడ్రిడ్‌లో 10 రాత్రులున్నాయట కదరా, ఒక్కదానికి వెళ్లి రా. డబ్బుకేం లోటు నీకు?"

"డబ్బు కాదు మామయ్యా. దేశం దాటితే మళ్లీ రావడానికి వీసా స్టాంపింగ్ కావాలి. దానికి హైదరాబాద్ రావాలి. స్లాట్ ఎప్పుడు దొరుకుతుందో, దొరికినా వేస్తారో లేదో."

"అయితే హైదరాబాదే రా. నాలుగేళ్లయింది. మీ అమ్మ రోజూ అడుగుతోంది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక ఆ పాటే ఏదో సన్నగా వినబడుతోంది.

"నాకు ఇక్కడినుంచి వెళ్లాలని లేదు మామయ్యా" అన్నాడు.