చివరి సీన్లో చచ్చేవాళ్లు దొరకలేదని మనవి

మహారాజశ్రీ నాటకాల చివరి సీన్లో తప్పకుండా వచ్చే చావు గారి సముఖమునకు,

హన్మకొండ నుంచి నాటికలు రాసుకునే ఒకామె నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. మీరు క్షేమంగానే ఉన్నారని నిన్ననే తెలిసింది.

నా కొత్త నాటికలో ఒక టీచరమ్మ, ఒక టైలరమ్మ ప్రేమించుకుని కలిసి బతుకుతుంటారు. దాని గురించి నిన్న నాటికల పోటీల కమిటీ వాళ్లు రెండింటికి రమ్మన్నారు. ఐదుంబావు దాకా చెప్పుల స్టాండు చూస్తూ కూర్చున్నాను, మూడుసార్లు చాయ్ వచ్చింది, మూడుసార్లూ డబ్బులు నావే. చివరికి పిలిచి, స్క్రిప్టు మంచిగుంది, డైలాగులు మంచిగున్నయి, "కానీ మేడం, ఇద్దరూ బతికే ఉన్నరు గదా" అన్నారు, అచ్చుతప్పు దొరికినట్టు. "ఆ టైపు కథల ఎవలన్న ఒకలు పోవాలె. అప్పుడే జనం అయ్యో అంటరు. కాజీపేట అని రాయనే రాసిన్రు, రైలు పట్టాలు ఉండనే ఉండె." లెస్బియన్ అనే మాట మొదటి పేజీలోనే ఉంది, దాన్ని మాత్రం నోటితో అనలేకపోయారు. చంపమని చెప్పడానికి ఏ మొహమాటమూ అడ్డం రాలేదు.

మీ సీనియారిటీ మీద నాకు గౌరవమే. 1934లో న్యూయార్క్‌లో లిలియన్ హెల్‌మన్ 'ది చిల్డ్రన్స్ అవర్'లో మార్తా తోటి టీచరమ్మ మీద ప్రేమను బయటపెట్టిందో లేదో, తుపాకీతో మీరు హాజరు. 1981లో మరాఠీలో విజయ్ టెండూల్కర్ 'మిత్రాచీ గోష్ట' నాటకంలో ఆడపిల్లను ప్రేమించిన మిత్ర దగ్గరికీ మీరే. నలభై ఏడేళ్లయినా డ్యూటీ మారలేదు. 'ఫైర్' సినిమాలో మాత్రం చీరకు నిప్పంటుకునే దాకా వచ్చి ఖాళీ చేతులతో పోయారు, ప్రేమించుకున్న తోడికోడళ్లిద్దరూ బతికి దర్గాలో కలుసుకున్నారు. అందుకని 1998లో ఆ సినిమా ఆడిన టాకీసుల అద్దాలు పగిలాయి. మిమ్మల్ని పిలవకపోతే అద్దాల ఖర్చు మీద పడుతుందని కమిటీ లెక్కేమో.

అసలు మన జనం ఎప్పుడు చావు అడిగారండీ? హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను కోసం తెల్లారేదాకా కూర్చునేవాళ్లు, పాము కరిచి పోయిన లోహితాస్యుడు లేచి కూర్చుంటేనే ఇంటికి పోయేవాళ్లు. ఆ పిల్లాడికిచ్చిన సౌకర్యం నా టీచరమ్మకు ఎందుకు లేదు?

కష్టాలు లేవా అంటే ఉన్నాయి. రెండో సీన్లో టీచరమ్మకు డెంగీ. ఆసుపత్రి కాగితంలో 'పేషెంటుకు ఏమవుతారు' అన్న గడి దగ్గర టైలరమ్మ పెన్ను ఆగిపోతుంది. కాసేపాగి 'అక్క' అని రాస్తుంది. 2018లో స్వలింగ సంపర్కాన్ని నేరమనే 377 సెక్షన్ కోరలు ఊడాయని స్వీట్లు పంచుకున్నాం, 2023 అక్టోబర్ 17న ఇలాంటి జంటల పెళ్లి సంగతి చట్టసభలు చూసుకోవాలంది సుప్రీంకోర్టు, ఆ గడిలో ఏం రాయాలో మాత్రం ఇప్పటికీ తెలియదు. కమిటీ వాళ్లకు అది చిన్న కష్టమట.

ఇక చివరి సీను. ఏప్రిల్ నెల. టైలరమ్మ స్టూలెక్కి కూలర్ పాత గడ్డి పీకుతుంటే ఆ దుమ్ముకు టీచరమ్మకు ఒకటే తుమ్ములు, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య నిరుటి నుంచి మోటర్ రిపేరు చేయించలేదని తిట్లు. కొత్త గడ్డి పెట్టి, నీళ్లు పోసి, స్విచ్ వేస్తారు. తడిగడ్డి వాసనతో మొదటి గాలి. ఇద్దరూ కూలర్ ముందు నేల మీద కూలబడి కళ్లు మూసుకుంటారు. లైట్లు ఆఫ్.

"కూలర్ గడ్డి మార్చుడు క్లైమాక్స్ ఎట్లయితది మేడం?"

ఓరుగల్లు ఎండలో అంతకు మించిన క్లైమాక్స్ ఏముందో వాళ్లే చెప్పాలి. మా నటి కూడా వాళ్ల పక్షమే అనుకోండి, చచ్చే సీనుంటేనే ఉత్తమ నటి వస్తదక్కా అంటుంది.

ఇక గారూ గీరూ వద్దు, విను. బయట నీ పని నువ్వు చేస్తూనే ఉన్నావు. మావాళ్లను ఎంతమందిని తీసుకుపోయినా పేపర్లో 'స్నేహితురాళ్లు' అని నాలుగు లైన్లు, అంతే. అది చాలదా నీకు? స్టేజీ మీద గంటసేపు కూడా మమ్మల్ని వదలవా? అక్కడా నువ్వే, చప్పట్లూ నీకే, ఛీ.

అయినా నిన్ను అనడానికి నాకూ మొహం లేదు. నా మొదటి రెండు నాటికల్లో నిన్ను పిలిచి కుర్చీ వేసింది నేనే. ఉత్తమ రచన జ్ఞాపిక వచ్చింది, టీవీ పక్కనే ఉంది. దాని దుమ్ము తుడిచేది ఆమె. (ఆసుపత్రి గడిలో అక్క అని రాసింది నేను. తుమ్ములు ఆమెవి.) ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ, "గీ డబ్బా కోసం నన్నెట్ల చంపినవే?" అంది. నవ్వుతూనే అంది. నేను వంటింట్లోకి వెళ్లి పొయ్యి మీద ఏమీ లేకపోయినా గరిటె పట్టుకుని నిలబడ్డాను.

చివరి సీను మార్చి సోమవారం లోపు ఇమ్మన్నారు. మార్చాను. కూలర్ మోటర్ ఈసారి రిపేరు చేయించినట్టు రాశాను.

ఇక ఉంటాం.