సవరణ: తాగునీటిలో కలిపే బ్లీచ్ మోతాదు

అత్యవసర సమయాలకు ఇంటిని సిద్ధం చేసుకోవడంపై రాసిన పోస్టులో, లీటరు నీటికి 8 చుక్కల బ్లీచ్ అని పడింది. ఆ 8 చుక్కలు ఒక గాలన్‌కి, అంటే సుమారు 3.8 లీటర్లకి. లీటరుకి 2 చుక్కలు చాలు. ఇది 6 శాతం సోడియం హైపోక్లోరైట్ (నీటిలో క్రిముల్ని చంపే రసాయనం) ఉన్న ద్రవ బ్లీచ్ లెక్క. సీసా మీద శాతం చూడకుండా కలపొద్దు. సువాసన కలిపిన రకాలు అసలు పనికిరావు. కలిపాక 30 నిమిషాలు ఆగాలి. నీళ్లు మసకగా ఉంటే ముందు శుభ్రమైన గుడ్డతో వడకట్టి, మోతాదు రెట్టింపు చేయాలి.

పొయ్యి వెలిగే వీలుంటే మరిగించడమే మేలు, చుక్కలు లెక్కపెట్టే టెన్షన్ ఉండదు. పెట్రోలు, పురుగుమందులు కలిసిన నీళ్లు మాత్రం ఈ రెండు పద్ధతుల్లోనూ బాగుపడవు, పారబోయాల్సిందే.