21 అంకెల వారి గుణగణాలు

పెద్ద సంఖ్య కంటబడితే చాలు, దాని గుణగణాల చిట్టా విప్పకుండా ఉండలేని మహానుభావులు కొందరుంటారు. ఈసారి వారి చేతికి చిక్కిన అభాగ్య సంఖ్య 14,75,73,95,25,89,67,64,12,927. అరవై ఏడు రెళ్లను వరుసగా గుణించి, ఒకటి తీసేస్తే మిగిలేది ఇదే.

చిట్టా మొదలైంది. ఇది బేసి సంఖ్య. (చివర 7 కనబడుతూనే ఉంది, అయినా కృతజ్ఞతలు.) అంకెలు 21. వాటి మొత్తం 109. ఆ 109 ప్రధాన సంఖ్య, గమనించగలరు. ఇక కానివి: వర్గం కాదు, ఘనం కాదు, ఫిబొనాచీ సంఖ్య కాదు, తిరగేసి చదివితే ఇలాగే ఉండదు.

ఈ లెక్కన సభలో ముఖ్య అతిథిని పరిచయం చేస్తే ఎలా ఉంటుంది? "వీరికి ముక్కు ఒకటి. వీరు ఏనుగు కారు. తాటిచెట్టు కారు. తలకిందులుగా నిలబెడితే ఇలాగే ఉండరు." అతిథి ఇబ్బందిగా కదులుతారు. వక్త కాగితం తిప్పుతాడు. "వీరు వంతెన కూడా కారు." అతిథి మంచినీళ్లు తాగుతారు. "ఆ గ్లాసూ వీరు కారు." చప్పట్లు.

అంకెల మొత్తం గురించి ఒక్క మాట. 9తో భాగిస్తే ఎంత మిగులుతుందో అది చెబుతుంది, ఒప్పుకుంటాను. కానీ 109 అన్నది మన రాతకు చెందిన గుణం, సంఖ్యకు చెందినది కాదు. దీన్నే 0, 1 మాత్రమే వాడే రెండంకెల పద్ధతిలో (బైనరీలో) రాస్తే అరవై ఏడు ఒకట్లు బారులు తీరుతాయి, మొత్తం 67. సంఖ్య మారలేదు, చొక్కా మారింది. వీరు గుండీలు లెక్కపెడుతున్నారు.

చిట్టాలో ఎక్కడో అడుగున, అదే సైజు అక్షరాల్లో ఇంకో వరుస: "ప్రధాన సంఖ్య కాదు. కారణాంకాలు రెండు: 19,37,07,721; 7,61,83,82,57,287."

ఇక్కడ నాకు నవ్వు రాదు. ఇది ప్రధాన సంఖ్యేనని 1644లో ఫ్రెంచ్ గణితవేత్త మెర్సెన్ అన్నాడు. కాదని 1876లో మరో ఫ్రెంచ్ గణితవేత్త లూకా రుజువు చేశాడు, అయితే ఏ సంఖ్యలతో తెగుతుందో ఆయనకూ అంతుచిక్కలేదు. 1903లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ నల్లబల్ల దగ్గరికి వెళ్లి, నోరు విప్పకుండా ఒక పక్క ఈ సంఖ్యను, ఇంకో పక్క ఆ రెండింటి గుణకారాన్ని అంకె అంకె వేసి, రెండూ ఒకటేనని చూపి వచ్చి కూర్చున్నాడని చెబుతారు. ఎన్నాళ్లు పట్టిందని అడిగితే, మూడేళ్ల ఆదివారాలు అన్నాడట.

మూడేళ్ల ఆదివారాలు! ఇప్పుడు కంప్యూటర్ రెప్పపాటులో తేల్చేస్తుంది, తేల్చనివ్వండి. కానీ ఒక మనిషి ఆదివారాలన్నీ ధారపోసి తెచ్చిన దాన్ని "ఇది బేసి సంఖ్య" పక్కన, అదే వరుసలో, అదే గొంతుతో చదవడానికి నోరెలా వచ్చిందయ్యా? కళ్లున్న ప్రతివాడికీ కనబడేదీ, రెండున్నర శతాబ్దాలు ఎవరికీ చిక్కనిదీ మీకు ఒకటేనా?

ఆ కింది వరుస ఏమిటో తెలుసా? "ఈ సంఖ్యలో 7 నాలుగుసార్లు వచ్చింది. సున్నా లేదు."

నేనూ లెక్కపెట్టాను. నిజమే.