మత్తు మీద వచ్చిన ఆ మెసేజ్‌లో ఐదో ముక్కే ప్రమాదం

మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. "ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు తప్పక చదవండి" అని మొదలు. అందులో ఉన్నవి ఐదు ముక్కలు. పూర్తి మత్తు అంటే సగం చావు, లేస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. మధ్యలో మెలకువ వచ్చి కోత తెలుస్తుంది, నోరు మాత్రం పెగలదు. ఒక్కసారి మత్తు తీసుకుంటే మతిమరుపు ఖాయం. వెన్నులో సూది వేయించుకుంటే బతికినన్నాళ్ళూ నడుం నొప్పి. ఇక చివరిది: భయపడేవాళ్ళకు డోసు ఎక్కువ వేస్తారు కాబట్టి భయమని డాక్టర్‌తో అనకండి, ముందు రోజు నుంచి మాత్రలన్నీ ఆపేయండి, పొద్దున్నే బలానికి గ్లాసు పాలు తాగి వెళ్ళండి.

గాల్ బ్లాడర్‌లో రాళ్ళకి నాకు ఆపరేషన్ అయి ఏడాదిన్నర. ముందు రాత్రి నేనూ ఇలాంటివే చదువుతూ తెల్లవార్లూ కూర్చున్నాను. అందుకని దీన్ని పంపిన పిన్నిని ఏమీ అనను. కానీ వచ్చే వారం హెర్నియా ఆపరేషన్ ఉన్న మావయ్య ఇది చదివి "వద్దులేరా, బెల్టు కట్టుకుని నెట్టుకొస్తా" అన్నారు. దానికే ఈ జవాబు.

మొదటి ముక్క. బ్రిటన్‌లో మత్తు డాక్టర్ల కాలేజీ రోగులకు చెప్పే లెక్క ప్రకారం, మామూలు ఆరోగ్యం ఉన్న మనిషికి, ఎమర్జెన్సీ కాని ఆపరేషన్‌లో, మత్తు కారణంగానే ప్రాణం పోవడం సుమారు లక్షకు ఒకటి. గుండె జబ్బు ఉన్నా, అర్ధరాత్రి హడావుడిగా చేయాల్సి వచ్చినా, ఆసుపత్రి సరైనది కాకపోయినా ఆ లెక్క మారుతుంది. కాబట్టి అడగాల్సింది "నేను లేస్తానా" అని కాదు. "మత్తు ఇచ్చే డాక్టర్ ఎవరు, మొదటి నుంచి చివరిదాకా నా దగ్గరే ఉంటారా" అని.

ఈ "సగం చావు" అన్న మాట గాల్లోంచి పుట్టలేదు. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో మోర్టన్ అనే పళ్ళ డాక్టర్ అందరి ముందూ ఈథర్ అనే మత్తుమందు ఇచ్చి చూపించాడు. మరుసటి ఏడాది క్లోరోఫాం అనే ఇంకో మత్తుమందు వచ్చింది. 1848లో ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇస్తే చనిపోయింది. క్లోరోఫాం ఎలా చంపుతుందో తేల్చడానికి మన హైదరాబాద్‌లోనే 1888, 1889లలో రెండు కమిషన్లు పెట్టారు. ఖర్చు నిజాం ప్రభుత్వానిది, నడిపింది ఇక్కడి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్‌గా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఆ కాలంలో ఇక్కడ పనిచేసినావిడే. గుండెకు ఏమీ కాదు, ఊపిరి ఒక్కటి చూసుకుంటే చాలని లారీ గట్టిగా వాదించాడు. ఆ వాదన తప్పని తర్వాత తేలింది. క్లోరోఫాం మత్తు పూర్తిగా ఎక్కకుండా పైపైన ఉన్నప్పుడు ఒంట్లో ఎడ్రినలిన్ ఎగసిందంటే గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో బ్రిటన్ మత్తు డాక్టర్ గుడ్‌మన్ లెవీ చూపించాడు. ఎడ్రినలిన్ అంటే భయపడ్డప్పుడు ఊరేదే. అంటే ఆ రోజుల్లో భయం నిజంగానే ప్రాణం మీదికి తెచ్చేది! మన తాతల కాలపు భయానికి ఆధారం ఉంది. క్లోరోఫాం ఇప్పుడు ఆపరేషన్ థియేటర్లో లేదు. (రుమాలు ముక్కు దగ్గర పెట్టగానే హీరోయిన్ పడిపోవడం సినిమాల్లోనే. నిజం క్లోరోఫాంకి కొన్ని నిమిషాలు పట్టేది.)

ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేది ప్రోపోఫాల్, చేతి నరంలోకి ఎక్కించే మత్తుమందు. పాలలా తెల్లగా ఉంటుంది. ఎక్కేటప్పుడు చెయ్యి మండుతుంది, అది ముందే తెలిస్తే కంగారుండదు. అర నిమిషం, ముప్పావు నిమిషంలో స్పృహ పోతుంది. ఒక్క డోసు పనిచేసేది కొద్ది నిమిషాలే. అందుకే ఆపరేషన్ నడిచినంతసేపూ గ్యాస్‌గానో, పంపు ద్వారానో మత్తు ఇస్తూనే ఉండాలి. ఆపితే మనిషి లేస్తాడు. వేలికి పెట్టిన క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ చూపిస్తుంది. వదిలే ప్రతి ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో ఇంకో గీత చూపిస్తుంది. లారీ కళ్ళతో చూడమన్న ఊపిరిని ఇప్పుడు మెషీన్ లెక్కపెడుతోంది, అతను వద్దన్న గుండెను కూడా.

"మరి ఫలానా ఆయన సాయంత్రం దాకా లేవలేదుగా" అంటారు. అలాంటివి జరుగుతాయి. వాటిలో ఒక కారణం తెలుగువాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. గొంతులో గొట్టం వేయడానికి కండరాలను వదులు చేసే సక్సామెథోనియం అనే మందు ఉంది. దాన్ని రక్తంలోని ఒక ఎంజైమ్ కొద్ది నిమిషాల్లో విరిచేస్తుంది. కొందరికి పుట్టుకతో ఆ ఎంజైమ్ పనిచేయదు, మందు గంటల తరబడి దిగదు. ఈ లోపం ఆర్యవైశ్య కుటుంబాల్లో మిగతావారి కంటే ఎక్కువగా కనిపిస్తుంది. మామూలు రోజుల్లో దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు, ఉన్నట్టు కూడా తెలియదు. ఆపరేషన్‌లో బయటపడినా, మందు దిగేదాకా నిద్రలోనే ఉంచి వెంటిలేటర్ మీద ఊపిరి ఇస్తే మనిషి మామూలుగా లేస్తాడు. ముందే చెబితే ఆ మందు జోలికే వెళ్ళరు. ఇంట్లో ఎవరికైనా మత్తు ఆలస్యంగా దిగిందన్న కథ ఉంటే, అది గ్రూపులో కన్నా మత్తు డాక్టర్ చెవిన పడాలి.

రెండోది, మధ్యలో మెలకువ. నన్ను కూడా ఎక్కువ భయపెట్టింది ఇదే. జరగదని అనను. బ్రిటన్, ఐర్లండ్‌లలో దేశమంతటా వివరాలు సేకరించి 2014లో నివేదిక ఇచ్చారు. మెలకువ వచ్చిందని రోగులు చెప్పిన సందర్భాలు సుమారు 19,000 మత్తులకు ఒకటి. వాటిలో మూడింట రెండు వంతులు కోత సమయంలో కాదు, మత్తు ఎక్కేటప్పుడో దిగేటప్పుడో. ఎక్కువ భాగం ఐదు నిమిషాల లోపే. అయితే అలా అనుభవించినవాళ్ళలో దాదాపు సగం మంది బాధపడ్డారు కూడా, దాన్ని తేలిక చేయకూడదు. ఎమర్జెన్సీలో, పూర్తి మత్తుతో చేసే సిజేరియన్‌లో, కండరాలు వదులు చేసే మందు వాడినప్పుడు అవకాశం పెరుగుతుంది. ఇంతకు ముందు ఎప్పుడైనా మీకు ఇలా అయిందా? అయితే ఆ మాట ముందే చెప్పాలి. మెదడు తరంగాలు చూసే మానిటర్ ఉందా అని అడగొచ్చు కూడా.

మతిమరుపు సంగతి వయసును బట్టి ఉంటుంది. పెద్దవాళ్ళకి ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు తికమక రావడం నిజం. రాత్రి పగలు తెలియకపోవడం, ఎవరినో పిలవడం ఉంటాయి. దానికి మత్తు ఒక్కటే కారణం కాదు. నొప్పి, ఇన్ఫెక్షన్, నిద్ర లేకపోవడం, కళ్ళజోడు, చెవి మిషన్ ఇంట్లో మర్చిపోవడం, అన్నీ కలుస్తాయి. తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్ళలో వెన్ను మత్తునీ పూర్తి మత్తునీ పోల్చి చూస్తే ఈ తికమకలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పసిపిల్లల మీదా పరీక్షించారు. గంట లోపు ఒక్కసారి మత్తు తీసుకున్నవాళ్ళు ఐదేళ్ళ వయసులో తెలివితేటల్లో వెనకబడలేదు.

నడుం నొప్పి గురించి పెద్దగా చెప్పేది లేదు. సూది గుచ్చిన చోట నాలుగైదు రోజులు నొప్పి ఉంటుంది. కొందరికి లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుంది, దానికి వైద్యం ఉంది. సిజేరియన్ అయిన ఏడేళ్ళకి కూడా ఆ సూదినే తిడుతుంటారు. తొమ్మిది నెలలు కడుపు మోసి, తర్వాత బిడ్డను చంకనేసుకుని తిరిగిన నడుం అది.

ఐదో ముక్క దగ్గర నాకు కోపం వచ్చింది. ఆందోళన ఎక్కువున్నవాళ్ళకి నిద్రపుచ్చే మందు కాస్త ఎక్కువ పట్టొచ్చు, నిజమే. డాక్టర్ మనిషిని చూసుకుంటూనే ఎక్కిస్తారు. దాచిపెడితే అవసరం తగ్గదు, తెలియకుండా పోతుందంతే. నేను చెకప్‌లో "సార్, నాకు చాలా టెన్షన్‌గా ఉంది" అన్నాను. "దేనికి? సూదికా, మాస్క్‌కా, లేవరనా?" అని అడిగారాయన. అంతవరకు నా భయాన్ని నేనే అలా విడదీసి చూడలేదు. మాస్క్ అంటే ఊపిరాడదని నా భయం. "మీ చేత్తో మీరే పట్టుకోండి" అన్నారు, అలాగే పట్టుకున్నాను. ముందు రాత్రికి ఒక చిన్న మాత్ర రాశారు. సూదంటే హడలిపోయేవాళ్ళకి గంట ముందు రాస్తే తిమ్మిరెక్కించే క్రీము ఉంటుంది. చెవిలో పాటలు పెట్టుకుంటామంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు, పాటలతో టెన్షన్ తగ్గుతుందని పరీక్షల్లోనూ తేలింది. ఇవన్నీ నోరు తెరిచి అడిగితేనే.

మాత్రలు సొంతంగా ఆపడం ఇంకా ఘోరం. బీపీ మాత్రల్లో కొన్ని ఆ పూట మానేయమంటారు, కొన్ని హఠాత్తుగా ఆపితే గుండెకే ముప్పు. షుగర్ మాత్రలకు, రక్తం పలచబరిచేవాటికి వేరే లెక్కలు. బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు పొట్ట ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తాయి, వాటి సంగతి తప్పక చెప్పాలి. ఇక ఆ గ్లాసు పాలు! మత్తులో దగ్గు, మింగడం పనిచేయవు. పొట్టలోది పైకి తన్నితే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే అన్నం, టిఫిన్, పాలు, పాలు కలిపిన టీ కూడా ఆరు గంటల ముందే ఆపాలి. మంచినీళ్ళు మామూలుగా రెండు గంటల ముందు వరకు తాగనిస్తారు. మీ డాక్టర్ ఇంకేదైనా టైం చెబితే అదే పాటించండి.

ఇదంతా నిన్న మావయ్యకి ఫోన్లో చదివి వినిపించాను. కదిలే పన్ను ఉందని, బీపీ మాత్ర పేరు రాసుకుంటానని ఒప్పుకున్నారు. "నోరు పూర్తిగా తెరుచుకుంటుందా? మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి" అన్నాను. కాసేపు మాట లేదు. రెండే పడుతున్నాయట. ముప్పై ఏళ్ళ గుట్కా. నోరు తెరుచుకోకపోతే గొట్టం వేయడం కష్టమని, ముందే తెలిస్తే వేరే ఏర్పాటు చేసుకుంటారని, ఇది చెకప్‌లో మొట్టమొదట చెప్పాల్సిన మాటని అన్నాను.

"మీ అత్తయ్య పక్కనే ఉంటుంది కదరా" అన్నారు.