డోర్కింగ్‌కి ఈసారి కూడా వెళ్దాం

ఉగాది నాటి మన సంఘం సర్వసభ్య సమావేశంలో జరిగింది మీలో చాలామంది చూశారు. ఇంగ్లండ్‌లోని డోర్కింగ్ శ్మశానంలో, గోదావరి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొర సమాధికి ఏటా మనం వేసే దండ మాట రాగానే ఒక కుర్రాడు లేచాడు. "బర్మా మీద యుద్ధానికి వెళ్ళిన ఈస్టిండియా కంపెనీ సైనికుడికి మనం దండం పెట్టడమేంటి?" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. ఆ అంశం పక్కన పెట్టేశారు. నాకు నోరు పెగల్లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాది కోనసీమ. వేసవంతా కాలువ కట్టేస్తే అడుగున మట్టి నెర్రెలు విచ్చేది, పిల్లలం అందులోనే గోళీలాడేవాళ్ళం. కాలువ వదిలిన రోజున ముందు చప్పుడు వినిపించేది. తర్వాత ఎండుటాకుల్నీ కొబ్బరి పీచునీ తోసుకుంటూ, నురగ కక్కుతూ నీళ్ళు వచ్చేవి. తాతయ్య గట్టు మీద చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి దిగి, పసుపూ కుంకుమా వేసి గోదారమ్మకు దండం పెట్టుకునేవారు. దోసిట్లో మిగిలిన నీళ్ళు వదులుతూ "కాటన్ దొరకి" అనేవారు. రోజూ స్నాన సంకల్పంలో ఆయన పేరు చెప్పుకునేవారు కూడా మా వైపు ఉన్నారు.

ఆ కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు. ఆర్థర్ కాటన్ మద్రాసు ఇంజనీర్స్ దళం అధికారి. 1824లో మొదలైన బర్మా యుద్ధంలో పనిచేశాడు. 1861లో సర్ బిరుదు, తర్వాత కె.సి.ఎస్.ఐ. అనే ఇంకో బ్రిటిష్ బిరుదు, చివరికి జనరల్ హోదా దక్కాయి. ఆనకట్టకు కంపెనీ డబ్బిచ్చింది శిస్తు పెరుగుతుందనే. ఇవన్నీ మన పిల్లలకి చెప్పాల్సిందే.

మరి మిగతాది ఎవరు చెబుతారు? నందన నామ సంవత్సరపు కరువు, తుపాన్లు, వలసలు కలిసి 1821 నుంచి 1841 లోపు గోదావరి జిల్లా జనాన్ని 7 లక్షల 38 వేల నుంచి 5 లక్షల 61 వేలకు దించేశాయి. ఆ నేలను చూసి రిపోర్టు మీద రిపోర్టు రాసి, 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి, జబ్బు పడి మధ్యలో సెలవు మీద వెళ్ళి, మళ్ళీ వచ్చి 1852కి పూర్తి చేయించాడాయన. డెబ్బై అయిదేళ్ళ వయసులో, 1878లో, రైళ్ళకంటే కాలువలే ముందు కావాలని పార్లమెంటు కమిటీ ముందు వాదించాడు. బిరుదుల కోసం చేసే పనేనా ఇది?

మనం చేసిన తప్పు ఇంకొకటి ఉంది. వీణం వీరన్న పేరు మన స్టేజీ మీద నేనెప్పుడూ వినలేదు. ఆనకట్ట పనిలో దొరకు కుడిభుజం ఆయన. రాళ్ళు మోసిన వేలమంది కూలీలకైతే పేర్లే లేవు.

కమిటీ పెద్దలకు నా మనవి ఒకటే. దండ మానొద్దు, రెండు దండలు తీసుకెళ్దాం. రెండోది వీరన్న పేరు చెప్పి ఆ రాతి పక్కనే పెడదాం. జులై 24 కాటన్ వర్ధంతి. ఆ కుర్రాణ్ణి నా కారులోనే తీసుకొస్తాను. దారి పొడవునా మా కాలువ సంగతి చెబుతాను, అతని మాటా వింటాను.